ఇంట్లో నలుగురి పళ్ళకి కలిపి 64,800 ఎస్టిమేట్ ఇచ్చిన్రు, ఎవరివి ముందు చేయించాలె?

మునుగోడు బిడ్డ:

నమస్తే అందరికి. ఇన్ని రోజులు చదువుడే గని ఎన్నడు రాయలె, ఇయ్యాల రాయక తప్పుతలేదు. జర పొడుగైతది, ఓపికతోని చదవుండ్రి.

మాది నల్గొండ జిల్లా మునుగోడు దిక్కు. ఇప్పుడు హయత్‌నగర్ల కిరాయికుంటున్నం. నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల బిల్లింగ్ చేస్త, 26,000 జీతం. మా ఇంటామె సూపర్‌మార్కెట్ల క్యాష్ కౌంటర్ల కూసుంటది, ఆమెకు 13,500. ఇంటి కిరాయి 9,000, బాబు స్కూల్ ఫీజు, బండి ఈఎంఐ, నెల చిట్టీ, అమ్మ షుగర్ గోలీలు ఇవన్ని పోను నెలాఖర్ల మూడు వేలు మిగిలితె మస్తు.

మా ఇంటామెకు ఎడమ దిక్కు కింది దవడ పన్ను పిప్పిపడి ఏడాది దాటింది. నొప్పి లేసినప్పుడల్ల మెడికల్ షాపుల గోలీలు తెచ్చుకునుడు, ఏసుకునుడు, తగ్గంగనే మర్చిపోవుడు. లవంగ నూనె దూదిల ముంచి పెట్టుకునుడు. పోయిన వారం రాత్రి రెండింటికి లేసి కూసున్నది, చూస్తె చెంప పూరి లెక్క పొంగింది. తెల్లారి మా కాలనీ దగ్గర క్లినిక్‌కు తీస్కపోయిన. డాక్టరమ్మ మంచిగనె మాట్లాడింది, వాపుకు గోలీలు రాసింది, ఫ్యామిలీకి చెకప్ ఫ్రీ అందర్ని తీస్కరాండ్రి అన్నది. ఫ్రీ అంటె నేను అమ్మను బాబును గుడ తీస్కపోయిన, గదే ఇప్పుడు మెడకు సుట్టుకున్నది.

ఒక కాయితం ఇచ్చింది, దానిమీద పండ్ల బొమ్మ, ఖరాబైన పండ్లకు ఎర్ర పెన్నుతోని ఇంటు గీతలు. అమ్మ కాయితం ఐతె బడిల జీరో వచ్చిన పిల్లగాని పేపర్ లెక్క ఉన్నది. లెక్క ఉన్నదున్నట్టు రాస్తున్న:

మా ఇంటామెకు రూట్ కెనాల్ 5,500, జిర్కోనియా (పన్ను రంగుల ఉండే) క్యాప్ 9,000, పక్క పన్నుకు సిమెంట్ (ఫిల్లింగ్) 1,500
బాబుకు (7 ఏండ్లు) రెండు పాల పండ్లకు పల్పెక్టమీ (పాల పన్నుల నరం తీసి మందు నింపుడు), స్టీల్ క్యాపులు కలిపి 13,000
అమ్మకు తొమ్మిది పండ్లు తీసుడు 5,400, కట్టుడు పండ్ల సెట్టు 28,000
నాకు, మా ఇంటామెకు క్లీనింగ్ 2,400

మొత్తం 64,800. అమ్మకు ఇంప్లాంట్లు (దవడ ఎముకల స్క్రూ దింపి పెట్టే పండ్లు) పెట్టిస్తె గట్టిగ ఉంటయి, రెండు లక్షల ఎనభై వేలైతది అని డాక్టరమ్మ ఇంక చెప్తనే ఉన్నది, మా అమ్మ లేసి చెప్పులేసుకున్నది.

అమ్మ పండ్లు చిన్నప్పటిసంది గోధుమరంగు గారలే. మా ఊరి బోరు నీళ్ళు అసొంటియి, ఆమె వయసోళ్ళందరియి గట్లనే ఉంటయి. నవ్వితె కొంగు అడ్డం పెట్టుకుంటది. ఇప్పుడు పైన నాలుగు కింద ఐదు మిగిలినయి, అన్ని ఊగుతున్నయి. నాకేం వద్దు బిడ్డా, పీకిచ్చెయ్యి, అన్నం పిసుక్కొని తింట అంటున్నది.

నేను అడిగేది ఏందంటె ఒకటి, ఈ రేట్లు కరెక్టేనా లేకపోతె మమ్ముల గుంజుతున్నరా. రెండు, ఎవరివి ముందు చేయించాలె. మూడు, పాల పండ్లు ఎట్లనన్న ఊడిపోయేటియే గద, వాటికి 13,000 ఎందుకు. క్లినిక్‌ల ఈఎంఐ కార్డు ఇస్తరంట, ఆర్నెల్లు నెలకు 10,800 కట్టాలె, అది కడితె మేం తినేదేంది. మా కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తె రిసెప్షన్ల పిల్ల నవ్వింది.


కృష్ణవేణి76:

తమ్ముడూ, లెక్కలు తర్వాత, ముందు మీ ఆవిడ వాపు తగ్గిందా లేదా చెప్పు. మందులు వేసుకుంటే తగ్గిపోతుంది, తగ్గగానే మళ్ళీ వాయిదా వేస్తారు. నేనూ అదే చేశాను కాబట్టి చెప్తున్నా.

మాది తణుకు దగ్గర. మా అమ్మ ఎనిమిదేళ్ళు ఒక పక్కనే నమిలింది, ఇంట్లో ఒక్కరికీ తెలీదు. జంతికలు టీలో ముంచుకుని తింటుంటే అదో సరదా అనుకున్నాం, మా పిల్లలు కూడా అమ్మమ్మని చూసి ముంచుకునేవాళ్ళు. ఒకరోజు మామిడికాయ పచ్చట్లో ముక్క కొరకలేక తీసి కంచం అంచున పెట్టేసింది, మా అమ్మ ఆవకాయ ముక్క వదిలేయడం నా జన్మలో చూళ్ళేదు, అప్పుడు గట్టిగా అడిగితే నోరు తెరిచి చూపించింది. ఏమన్నా ఉంటే కదా. అడిగితే చెప్పేదాన్నే, మీకు ఖర్చు కదా అంది.

మా ఇళ్ళల్లో పళ్ళకి వరస ఇలా ఉంటుంది. మగాళ్ళకి నొప్పొస్తే డ్యూటీ పోతుందని వెంటనే తీసుకెళ్తారు. పిల్లలైతే ఏడుస్తారు కాబట్టి తీసుకెళ్తారు. ఆడాళ్ళ వంతు వచ్చేసరికి బాగుచేయడానికి పన్ను మిగలదు, పీకించుకోవడమే. పీకితే ఐదొందలు, బాగుచేస్తే పదిహేను వేలు అన్నప్పుడు మనకి మనమే పీకెయ్యండి డాక్టరుగారూ అంటాం, ఎవరూ బలవంతం చెయ్యక్కర్లేదు. మీ అమ్మగారు చెప్పులేసుకున్నారు అని నువ్వు నవ్వుతూ రాశావు, నాకైతే నవ్వు రాలేదు.

నాకు మూడేళ్ళ కిందట రెండు రూట్ కెనాల్స్, ఒక పన్ను పోయిన చోట బ్రిడ్జి, అన్నీ కలిపి 31,000 అయ్యింది. గాజులు రెండు తీసుకెళ్ళి గోల్డ్ లోన్ పెట్టాం. ఎందుకోసం అని కాగితంలో రాయాలంట, కౌంటర్లో కుర్రాడు వ్యవసాయం అని రాసేస్తానండీ వడ్డీ తగ్గుతుంది అన్నాడు. మాకు సెంటు భూమి లేదు. పన్ను కోసం వ్యవసాయ రుణం తీసుకున్నది జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అదే టైములో మావారు 22,000 పెట్టి ఫోను ఈఎంఐలో కొన్నారు, దానికి ఎవరూ ఎస్టిమేట్ చూసి బెదిరిపోలేదు.

కాబట్టి మీ ఆవిడది ముందు. ఈఎంఐ కార్డు మాత్రం తొందరపడి తీసుకోకు, నో కాస్ట్ అంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, మధ్యలో ఆ క్లినిక్ నచ్చక మానేసినా కిస్తీ మాత్రం ఆగదు.


పాతకాలం మనిషి:

ఇవన్నీ పేస్టులు వచ్చాక వచ్చిన రోగాలు. పొద్దున్నే వేపపుల్ల, వారానికోసారి ఉప్పు ఆవనూనె, మా తాతలకి ఏ రూట్ కెనాలూ లేదు. మా నాయనమ్మ కచ్చికతో తోముకునేది, ఎనభై ఏళ్ళకి చెరుకు గడ నమిలేది.


కూకట్‌పల్లి కుర్రాడు:

పాతకాలం అంకుల్, మా తాతది కూడా వేపపుల్లే, యాభై ఐదుకే బోసినోరు. చెరుకు నమిలినోళ్ళ కథే మనకి చెప్తారు, నమల్లేనోళ్ళు మాట్లాడటానికి పళ్ళు లేవు కదా మరి.


పళ్ళడాక్టర్ ఒంగోలు:

నేను డెంటిస్టునే, క్లినిక్ పెట్టి తొమ్మిదేళ్ళు అయ్యింది, కాబట్టి నా మాట కొంచెం మా వాళ్ళ వైపు ఉంటే సర్దుకుపోండి.

ముందు ఒక్క విషయం బ్రదర్. వాపుకి ఇచ్చిన యాంటీబయాటిక్ పన్నుని బాగుచెయ్యదు, చీము అప్పటికి తగ్గుతుంది, లోపల నరం చచ్చిపోయి కుళ్ళుతూనే ఉంటుంది. వాపు దవడ కిందకి దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా రేపు చూద్దాం అనుకోకుండా పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి. ఇంకోటి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు ఏడాదంతా మింగితే కడుపు, కిడ్నీ రెండూ దెబ్బతినొచ్చు, అప్పుడు 64,000 చిల్లరలా కనిపిస్తుంది.

రేట్లు మోసం కాదు. హైదరాబాద్‌లో ఆ రేంజే. తప్పు ఎక్కడుందంటే నాలుగు నోళ్ళ పని ఒకే కాగితం మీద ఒకే రోజు చెప్పడంలో. ఇవన్నీ ఒకే నెలలో చేయించాల్సిన పనులు కావు, కొన్నయితే చేయిద్దామన్నా కుదరవు.

మీ ఆవిడది. రూట్ కెనాల్ తప్పదు, రెండు మూడు సిట్టింగులు. క్యాప్ కూడా కావాలి, నరం తీసేసిన దవడ పన్ను గుల్లగా ఉంటుంది, క్యాప్ లేకుండా వదిలేస్తే ఒకరోజు శనక్కాయ కొరికినప్పుడు నిలువునా చీలుతుంది, అప్పుడు రూట్ కెనాల్ డబ్బులు కూడా గోవిందా. కానీ జిర్కోనియానే వెయ్యాలని ఎక్కడా లేదు. అది వెనక దవడ పన్ను, ఎవరు చూస్తారు. మెటల్ క్యాప్ మూడు వేల లోపు దొరుకుతుంది, నమలడానికి దానికి పేరు పెట్టక్కర్లేదు. మా దగ్గర కూడా పేషెంట్ అడిగితేనే మెటల్ మాట వస్తుంది, అడగకపోతే రాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

బాబుది. పాల పళ్ళు ఊడిపోయేవే, నిజమే, కానీ వెనకవైపు పాల దవడ పళ్ళు ఊడేది పది పన్నెండేళ్ళకి. మీవాడికి ఏడు. ఇంకా మూడు నాలుగేళ్ళు అవి అక్కడ నిలబడి కింద నుంచి వచ్చే పన్నుకి చోటు కాపాడాలి. ముందే పీకేస్తే వెనక పన్ను ముందుకి జరిగి చోటు మూసేస్తుంది, పన్నెండో ఏట పళ్ళు ఎగుడుదిగుడుగా వచ్చి క్లిప్పులకి నలభై యాభై వేలు అడుగుతారు. అయితే రెండిటికీ నరం దాకా పోయిందో లేదో ఎక్స్‌రేలో చూపించమని అడగండి, ఒకదానికి మామూలు ఫిల్లింగ్ సరిపోవచ్చు.

ఇక్కడ మీరెవరూ అడగని సంగతి ఒకటి చెప్తాను. ఆరో ఏడు రాగానే పాల పళ్ళ వెనకాల కొత్తగా నాలుగు పెద్ద దవడ పళ్ళు వస్తాయి, పైన రెండు కింద రెండు. ఏ పన్నూ ఊడకుండా వస్తాయి కాబట్టి అమ్మానాన్నలు వాటిని కూడా పాల పళ్ళే అనుకుంటారు. అవి జన్మంతా ఉండాల్సినవి. నా దగ్గరికి తొమ్మిది పదేళ్ళ పిల్లలు అవి పుచ్చిపోయి వస్తారు, ఊడేవే కదా అని వదిలేశాం సార్ అంటారు, అది ఊడదమ్మా అని చెప్పినప్పుడు ఆ తల్లి మొహం చూడాలి. బాబుకి ఇవాళే టార్చి వేసి చూడండి. బాగుంటే వాటి గాడుల్లో సీలెంట్ అని ఒక పూత వేస్తారు, పన్నుకి ఐదారొందలు, ఇంజెక్షన్ ఉండదు, నొప్పి ఉండదు. మీ ఎస్టిమేట్‌లో లేనిది అదొక్కటే, నన్నడిగితే బాబుకి ముందు చెయ్యాల్సింది కూడా అదే.

అమ్మగారిది. మీ ఊరి బోరు నీళ్ళలో ఉండే ఫ్లోరైడ్ వల్ల పళ్ళు ఊగవండి. చిన్నప్పుడు పన్ను తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే రంగు మారుతుంది, పైన గుంతలు పడతాయి, అంతవరకే. మాకు కనిగిరి వైపు కూడా ఇదే కథ, పన్ను రంగు చూసి ఏ ఊరో చెప్పేయొచ్చు. ఊగడం చిగుళ్ళ జబ్బు, పయోరియా అంటారే అది, షుగర్ కంట్రోల్లో లేకపోతే ఇంకా తొందరగా ఎముకని తినేస్తుంది, చిగుళ్ళలో చీము ఉంటే షుగర్ కూడా ఓ పట్టాన తగ్గదు. అందుకని మూడు నెలల షుగర్ టెస్ట్ చేయించి, తగ్గించుకుని, అప్పుడు పళ్ళు తీయించండి. అన్నీ తీయక్కర్లేకపోవచ్చు, కోరపళ్ళు గట్టిగా ఉంటే ఉంచమనండి, కింద సెట్టు నిలబడటానికి పనికొస్తాయి. పళ్ళు తీశాక చిగురు మాని సర్దుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పుడే కొలతలు. అంటే ఆ 28,000 ఇవాళ మీ జేబులోంచి కదలాల్సిన డబ్బే కాదు. ఇంప్లాంట్ల గురించి మర్చిపోండి, కట్టుడు పళ్ళతో కోట్లమంది తింటున్నారు.

చివరగా మా గోడు. మీకు పన్నుకి 5,500 అంటే గుండె గుభేలుమంటుంది, కానీ చైర్ లోన్, అద్దె, నర్సు జీతం, కరెంటు, రూట్ కెనాల్ చేసే సన్న ఫైల్స్ కొన్నిసార్లు వాడగానే పారెయ్యాలి లేకపోతే పన్నులోనే విరుగుతాయి, క్యాప్ చేసిచ్చే ల్యాబ్ బిల్లు వేరు. ఈ పళ్ళ పనులకి మామూలుగా ఇన్సూరెన్స్ కట్టదు. ఆసుపత్రిలో పడుకోవాలి, అదీ యాక్సిడెంట్ అయ్యుండాలి, అప్పుడే పంటికి డబ్బులిస్తాం అని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. ఆరోగ్యశ్రీ కూడా నోటి క్యాన్సర్, దవడ విరగడం లాంటి పెద్ద సర్జరీలకే గానీ పుచ్చుపళ్ళకి, కట్టుడు పళ్ళకి కాదు. మధ్యలో మీరూ మేమూ మొహమొహాలు చూసుకోవడం.


హెచ్ఆర్ రమ:

అందరూ బాగానే చెప్పారు కానీ అసలుది ఎవరూ చూడలేదు. మునుగోడు బిడ్డ గారూ, మీ మిసెస్ జీతం 13,500 అన్నారు. 21,000 లోపు జీతం ఉండి కంపెనీ ఈఎస్‌ఐ (తక్కువ జీతం ఉద్యోగులకి ఉండే గవర్నమెంటు వైద్య బీమా) కింద ఉంటే నెలనెలా 0.75 శాతం ఆవిడ జీతంలోంచి కట్ అవుతుంది, 3.25 శాతం కంపెనీ కడుతుంది. ఆవిడ పే స్లిప్ తీసి చూడండి, నూట చిల్లర ఈఎస్‌ఐ అని ఉందా? ఉంటే ఆవిడకి, మీకు, బాబుకి ముగ్గురికీ వైద్యం ఈఎస్‌ఐలో అవుతుంది, పళ్ళ డిపార్ట్‌మెంట్ కూడా ఉంటుంది. ముందు మీ ఏరియా డిస్పెన్సరీకి వెళ్ళి చీటీ రాయించుకోవాలి. మీ పేర్లు ఆవిడ ఫ్యామిలీ వివరాల్లో ఎక్కించారో లేదో చూసుకోండి, సగంమందికి అక్కడే ఆగిపోతుంది.

మా స్టోర్లో 140 మంది ఉన్నారు, అందరికీ కట్ అవుతుంది, కార్డు వాడేది పదిమంది కూడా ఉండరు. కట్ అవుతోందని నెలనెలా నన్ను తిట్టడానికి మాత్రం వస్తారు.


మునుగోడు బిడ్డ:

రమ మేడమ్, ఇప్పుడే చూసిన. రెండేండ్లసంది కట్ ఐతుంది. 102 రూపాయలు. పీఎఫ్ అనుకున్నం ఇద్దరం.


బోడుప్పల్ బావ:

అన్నా, అమ్మకు ఈఎస్‌ఐ కుదరకపోతే అఫ్జల్‌గంజ్‌ల ఉస్మానియా దవాఖాన పక్కన గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉన్నది, ఆడికి తీస్కపో. పొద్దుగాల్లనె పోవాలె, పది దాటినంక పోతె లైన్ల నిలబడి నిలబడి కాళ్ళు పోతయి. లేకపోతే ప్రైవేట్ డెంటల్ కాలేజీలు ఉంటయి, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు ఉన్నది, మీ నార్కట్‌పల్లిల గుడ ఉన్నది. ఏపీ వాళ్ళకైతే విజయవాడ, కడపల గవర్నమెంటువి ఉన్నయి.

మా నాయినకు సెట్టు పండ్లు కాలేజీలనె చేయించినం. చేసేది స్టూడెంట్లే, మొదాలు నాకు గుడ భయమైంది. గని ఒక్కొక్క పని అయినంక సారు వచ్చి నోట్ల వేలు పెట్టి చూసి సంతకం పెట్టేదాంక ముందుకు పోనియ్యరు. నాయినకు చేసిన పిల్ల ఫైనలియర్, ఆమెకు ఇన్ని సెట్లు చెయ్యాలె అని లెక్క ఉంటదంట, మా నాయిన ఒక రోజు పోకపోతే ఆమెనే ఫోన్ చేసింది, తాతా రా తాతా నా కేసు ఆగిపోతది అని. మా ఇంట్ల కోడళ్ళు గుడ గంత బతిమిలాడలె ఆయనను.

కాకపోతే ఒకటి చెప్త విను. చవకే గని ఊకె కాదు. కొలతలకు ఒకసారి, మళ్ళ కొలతలకు, కాటు చూస్తానికి, మైనం మీద పండ్లు పెట్టి చూస్తానికి, ఆఖరుకు ఇస్తానికి, ఐదుసార్లు తిరిగినం, ఇచ్చినంక రాసుకపోతుందని ఇంకో రెండుసార్లు. నేను ఆటో తోలుత, ఒక్కో పూట పోతే ఆరేడొందలు పోయినట్టే. గా లెక్క గుడ ఏసుకో. అయినా క్లినిక్‌ల చెప్పినదాంట్ల పావొంతు గుడ కాలె.


డల్లాస్ బాబాయ్:

ఇక్కడి సంగతి కూడా వినండి, మీకు కొంచెం ఊరటగా ఉంటుంది. మాకు ఆఫీసు డెంటల్ ఇన్సూరెన్స్ ఉంది, గొప్పగా చెప్పుకుంటాం, ఏడాదికి 1,500 డాలర్లు దాటితే వాడు చేతులెత్తేస్తాడు. ఒక దవడ పన్నుకి రూట్ కెనాల్, క్యాప్ కలిపి 2,800 చెప్పారు. అందుకే ఇక్కడ మనవాళ్ళు ఇండియా టికెట్ బుక్ చేసుకున్నాక చేసే మొదటి ఫోన్ పళ్ళ డాక్టరుకి, రెండోది అత్తగారికి. పదిహేను రోజుల సెలవులో పెళ్ళి, తిరపతి, మూడు సిట్టింగులు. నోట్లో టెంపరరీ సిమెంటుతో విమానం ఎక్కినవాళ్ళని నేనెరుగుదును.

ఎవరైనా పేరెంట్స్‌ని అమెరికా తీసుకొస్తుంటే వీసా కన్నా ముందు పళ్ళు చూపించండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పంటి నొప్పికి ఇచ్చేది నామమాత్రం. మా మామగారికి దిగిన నాలుగో రోజే పన్ను విరిగింది, పీకినందుకు 340 డాలర్లు. ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చుకుని, ఆ డబ్బుతో మా ఊళ్ళో ఎన్ని బస్తాల బియ్యం వస్తాయో లెక్క కట్టి, మిగిలిన ఐదు నెలలూ వచ్చినవాళ్ళందరికీ ఆ లెక్క చెప్పాడు.


మునుగోడు బిడ్డ:

ఐదు వారాలైంది, ఏమైందో రాస్త అనుకుంట అనుకుంట ఇయ్యాల కుదిరింది.

మా ఇంటామెకు ఈఎస్‌ఐలనె రూట్ కెనాల్ ఐంది. ముందుగాల డిస్పెన్సరీల ఒక పూట పోయింది, కార్డుల నా పేరు బాబు పేరు లేకుండె, సూపర్‌మార్కెట్ హెచ్ఆర్ ఎంబడి పడి ఎక్కించినం. మూడుసార్లు పోయింది, రెండు రోజులు డ్యూటీ పోయింది, 900 కట్. క్యాప్ మాత్రం బయట పెట్టించినం, మెటల్‌ది. ఒంగోలు డాక్టర్ సార్ చెప్పినట్టు నోరు తెరిచి మెటల్ కావాలె అని అడిగిన, 3,000 అన్నరు. ఆమెకు ఎండి పన్ను వచ్చిందని మా వోడు క్లాసుల అందరికి చెప్పిండు.

బాబుకు ఆ రాత్రే టార్చి ఏసి చూసిన. సార్ చెప్పినట్టే ఎనుక నాలుగు కొత్త పండ్లు ఉన్నయి, నేను నిజంగ పాల పండ్లే అనుకున్న. ఒకదాని గాడిల నల్లగ సన్న గీత, గంతే. పాత క్లినిక్‌కే తీస్కపోయిన, డాక్టరమ్మను ఎక్స్‌రే చూపెట్టమంటె ఏమనుకోలె, మంచిగనె చూపెట్టింది. ఒక్క పన్నే నరం దాంక పోయింది, దానికి పల్పెక్టమీ క్యాపు 6,500. రెండోదానికి సిమెంట్ 1,000. నాలుగిటికి పూత 2,400. మీరు ఈ పూత సంగతి ముందు చెప్పలేదు గద మేడమ్ అంటె, చెప్తె ఎవ్వరు ఏయించుకుంటలేరండి, నొప్పి లేని పన్నుకు పైసలెందుకు అంటరు అన్నది. నిజమే, నేను గుడ గదే అందు.

అమ్మను అఫ్జల్‌గంజ్ తీస్కపోయిన. అమ్మకు బస్సు ఫ్రీ, నాకే టికెట్, దవాఖానల ఓపీ చీటికైన దానికంటె అదే ఎక్కువ. షుగర్ చూసి ఇప్పుడే తియ్యం, తగ్గించుకొని రమ్మన్నరు. మూడు వారాలు రాత్రి అన్నం బంద్ పెట్టి జొన్నరొట్టె పాలల్ల నానబెట్టి తిన్నది. తగ్గింది. ఇప్పటికి ఐదు పండ్లు తీసిన్రు, ఇంకా రెండు తీస్తరు, కింది కోరపండ్లు రెండు ఉంచుతరంట. కొలతలకు సంక్రాంతి దాటినంక రమ్మన్నరు. అంటె ఈసారి సకినాలు తినుడు లేదు అన్న, అమ్మ ఏమన్నదో తెలుసా, సకినాలు తిని నాకు నాలుగేండ్లైంది, నువ్వు చూస్తలేవు అన్నది. ప్రతి ఏడు ఇంటింటికి పంచేటియి ఆమెనే సుడుతది.

ఇప్పటికి మొత్తం క్యాపుకు 3,000, బాబుకు 9,900, తిరుగుడు ఖర్చు, పోయిన డ్యూటీ వేరె. బావమరిది దగ్గర 5,000 తీసుకున్న, చిట్టీ మీద చెయ్యి పెట్టలె, ఈఎంఐ కార్డు తీసుకోలె. అందరికి దండాలు.


కృష్ణవేణి76:

చాలా సంతోషం తమ్ముడూ. అమ్మగారికి సకినాలు పాలల్లో నానబెట్టి పెట్టు ఈ సారికి. ఆ కాగితంలో మీ ఇద్దరికీ క్లీనింగ్ 2,400 అని ఉంది కదా, దాని ఊసే లేదేంటి?


మునుగోడు బిడ్డ:

మా ఇంటామెకు ఈఎస్‌ఐలనె ఐందక్కా. నాది వచ్చే నెల. నాకేం నొప్పి లేదు.


పళ్ళడాక్టర్ ఒంగోలు:

బ్రదర్, ఇప్పుడు ఆ ఈఎస్‌ఐ కార్డులో మీ పేరు కూడా ఉంది.